కాలు దించని పందెం

ఈమధ్య ఒక ఆదివారం నేనూ నూకరాజూ చీడికాడ దాటాక కొండ కింద పారే గెడ్డ ఒడ్డున రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని, మెడలో చెరో కార్డూ తగిలించుకుని, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కుర్రకారు కాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాం. మా ఇద్దరికీ అరవై అయిదు దాటాయి. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. అలాంటివాళ్ళని పిలిచి కాళ్ళు లెక్కపెట్టమన్నవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కొందరు కలిసి, రాళ్ళ మీద మోటార్‌సైకిల్ నడిపే పోటీ ఒకటి పెట్టుకున్నారు. చోడవరంలో ఒకప్పుడు ఈ ఆట ఆడినవాళ్ళు ఇద్దరు ఇంకా బతికే ఉన్నారని వాళ్ళకెవరో చెప్పారట. ఇంటికొచ్చి, మీరు పెద్దలు, మీరు కూర్చుంటే మాకు బాగుంటుందన్నారు. నేను మొహమాటపడుతూ ఉండగానే నూకరాజు ఒప్పేసుకుని, భోజనం మీదేనా అని కూడా అడిగేశాడు.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. దీన్ని ట్రయల్స్ అంటారు. ఇది పరుగుపందెం కాదు. ఎవడు ముందు వెళ్ళాడు, ఎవడు వెనక వెళ్ళాడు అన్న గొడవే లేదు. రాళ్ళూ బురదా నీళ్ళూ ఉన్నచోట తాడు కట్టి చిన్న చిన్న దారులు వేస్తారు. ఆ దారిలో కాలు నేలకి ఆనించకుండా బండిని అవతలికి తీసుకుపోవాలి. ఒకసారి కాలు దించితే ఒక మార్కు, రెండుసార్లు దించితే రెండు, మూడూ ఆ పైన ఎన్ని దించినా మూడే. బండి ఆగిపోయినా, పడిపోయినా, తాడు దాటినా అయిదు. చివరికి ఎవడికి తక్కువ మార్కులొస్తే వాడు గెలిచినట్టు. ఇద్దరికీ సమానంగా వస్తే, ఎవడు ఎక్కువ దారులు అసలు కాలే దించకుండా దాటాడో వాడిది గెలుపు. ఇంతే ఆట. చెప్పడానికి ఇంత తేలిగ్గా ఉంటుంది గానీ, దీని మూలంగా మా ఇంట్లో ఒక మనిషితో నేను పది రోజులు మాట్లాడలేదు.

అప్పట్లో నేనూ నూకరాజూ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఫీల్డుమేన్లం. రోలుగుంట వైపు ఊళ్ళు నావి, చీడికాడ వైపువి అతనివి. రైతుల చెరకు ఏ పాటి పెరిగిందో చూసి, కోతకి ఎప్పుడు వస్తుందో రాసుకుని రావడం మా పని. పొలాలకి రోడ్లుండేవి కాదు, గట్లుండేవి. ఆ గట్టు మీద ఒక పక్క వరి, ఇంకో పక్క చెరకు. మధ్యన జానెడు దారి. కాలు దించితే మోకాలి దాకా బురద, పైగా వరి తొక్కేశావంటూ రైతు తిట్లు. అందుకని కాలు దించకుండా బండి తోలడం మాకు ఎవరూ నేర్పలేదు, తిట్లు తినలేక వచ్చింది. మా బళ్ళు బాగుచేసే పైడయ్య మేస్త్రి కుర్రతనంలో ఎక్కడో మిలిటరీ వాళ్ళ షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. అక్కడ సిపాయిలు ఇలాంటి పందెం ఆడుకోవడం చూశాడు. మా బురదలేని కాళ్ళు చూసి, మీరు ఉత్తినే చెరకు కొలుస్తూ పాడైపోతున్నారని బాధపడి, గెడ్డలో రాళ్ళ మధ్య అయిదు దారులు గుర్తుపెట్టి తాళ్ళు కట్టించాడు. ఒక్కోదానికి గండం అని పేరు పెట్టాడు. ఒకటో గండం బురద, రెండోది నీళ్ళు, మూడోది గుండ్రాళ్ళు, నాలుగోది రెండు బండల మధ్య సందు, అయిదోది దాదాపు నిటారుగా ఉండే ఏటవాలు బండ. అయిదూ ఒకదాని వెంట ఒకటి ఏకబిగిన దాటాలి, మధ్యలో ఆగడం లేదు.

మా ఇంట్లో పొద్దున్నే లేచేది మా మామ్మ. అంటే నాన్నగారి తల్లి. ఆవిడ లేచిందని మాకు చుట్ట కంపుని బట్టి తెలిసేది. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఆవిడది. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా ఇంటిల్లిపాదికీ పనులు చెప్పగలిగేది. రాగిపిండితో చోడంబలి కాచి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా గిన్నె పక్కన పెట్టి, నేను తాగేవరకూ బండి స్టార్ట్ చేయనిచ్చేది కాదు. బండి ఎప్పుడూ వంటింటి గోడకే ఆనించి ఉండేది. అందుకని మా వంటింట్లో పెట్రోలు వాసన, చుట్ట వాసన, బెల్లం వండే రోజుల్లో అయితే పెరట్లోంచి పాకం వాసన, మూడూ కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా పెట్రోలు బంకు దగ్గర నిలబడితే నాకు ఆకలేస్తుంది. ఈ మాట చెబితే మా ఆవిడ నమ్మదు.

మామ్మకి చదువు లేదు గానీ చేతిపని అంటే ప్రాణం. మా ఇల్లు కట్టినప్పుడు గానుగ సున్నం తనే దగ్గరుండి కలిపించిందట. సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ ఏ పాళ్ళలో పోయాలో మేస్త్రీలకి తనే చెప్పిందనీ, అందుకే మన గోడకి మేకు దిగదనీ వారానికి ఒకసారైనా చెప్పేది. మేకు దిగకపోవడం నిజమే. మా ఇంట్లో కేలండర్లన్నీ తలుపులకే వేలాడేవి.

మొదటి ఏడాది పందెం సంగతి తలుచుకుంటే నవ్వొస్తుంది. నాకు ఇరవై మూడు మార్కులొచ్చాయి, అందరికంటే ఎక్కువ. అంటే అందరికంటే ఆఖరు. ఆ మాట ముందు ఇంటికి చేరింది, నేను తర్వాత చేరాను. వచ్చేసరికి మా అమ్మ వీధంతా తిరిగి బెల్లం ముక్కలు పంచిపెడుతోంది. మా వాడికి ఇరవై మూడు, ఆ నూకరాజుకి తొమ్మిదే వచ్చాయని చెబుతోంది. ఎక్కువ వస్తే ఓడినట్టని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మూడు రోజుల దాకా చెప్పలేదు కూడా. తెలిశాక ఆవిడ నన్నేమీ అనలేదు గానీ, మార్కులు తక్కువొచ్చినవాణ్ణి గెలిపించే ఆట ఏం ఆటని పైడయ్య మేస్త్రిని బజార్లో నిలబెట్టి అడిగింది.

ఆ ఏడాది అసలు గొడవ మార్కుల దగ్గర వచ్చింది. గండానికి ఒక మనిషిని కాపలా పెట్టి కాళ్ళు లెక్కపెట్టమన్నారు. ఆ మనుషులు ఎవరు? ఒకడి బావమరిది, ఇంకొకడి మేనమామ. తన బావ కాలు దింపితే ఆ బావమరిది కంట్లో నలక పడేది. అవతలివాడు పాదం కదిపినా దించినట్టే కనబడేది. సాయంత్రానికి రెండు ఊళ్ళవాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. పైడయ్య మేస్త్రి ఏడాదంతా దీని గురించే ఆలోచించాడు. మనిషి కంటిని నమ్మకూడదు, రాయిని నమ్మాలి అన్నాడు. పోటీలో ఉన్నవాళ్ళందరి అరికాళ్ళకీ సున్నం రాస్తే, కాలు దించినచోట బండ మీద తెల్లగా అచ్చు పడుతుంది. బండి వెళ్ళిపోయాక తీరిగ్గా వెళ్ళి అచ్చులు లెక్కపెట్టుకుని, నీళ్ళు పోసి కడిగేస్తే మళ్ళీ వచ్చేవాడికి బండ సిద్ధం. కొందరికి బూట్లున్నాయి, కొందరికి లేవు కాబట్టి అందరూ ఉత్త కాళ్ళతోనే తోలాలని కూడా తేల్చాడు. ఇంత న్యాయమైన ఆలోచన మా తాలూకాలో అంతకుముందు ఎవరూ చేయలేదని అందరం అనుకున్నాం.

చిక్కల్లా ఒకటే. ఉత్త సున్నం రాస్తే గెడ్డ నీళ్ళ తుంపర్లకే కొట్టుకుపోతోంది. ఆ మాట ఇంట్లో అన్నాను. మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. ఆవిడ చుట్ట తీసిందంటే విషయం పెద్దదన్నమాట. సున్నం పట్టి ఉండాలంటే బెల్లం పడాలనీ, ఆ సంగతి తనని ముందే అడగొద్దా అనీ కోప్పడి, ఆ పూటే కలిపింది. అట్లపిండి జారులో ఉంది. నా పాదానికి రాసి పెరట్లో రుబ్బురోలు మీద నిలబడమంది. దిగి చూస్తే అయిదు వేళ్ళూ మడమా గీసినట్టు పడ్డాయి. చెంబుతో నీళ్ళు పోసినా నా కాలికున్నది పోలేదు. మేస్త్రి వచ్చి చూసి మామ్మకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అప్పటినుంచి పందెం రోజు దాకా ఆవిడ నడకే మారిపోయింది.

నాకు మటుకు ఆ రెండో ఏడాది పందెం ఉత్త సరదా కాదు. విశాఖపట్నంలో మోటార్ క్లబ్బు ఒకటి ఉండేది. పైరాష్ట్రంలో ఎక్కడో జరిగే పెద్ద పోటీకి తాము వెళుతున్నామనీ, మా పందెంలో గెలిచినవాణ్ణి ఒకణ్ణి తమతో తీసుకెళ్తామనీ వాళ్ళు మేస్త్రికి మాటిచ్చారు. ఒక్కణ్ణే. రెండు రోజులు రైలు ప్రయాణం. అప్పటికి నేను విశాఖపట్నం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఏడాదంతా ఆ గుండ్రాళ్ళ మీద పడి లేచాను. వెళ్ళేది నేనేనని ముందే నమ్మేసుకుని, అనకాపల్లిలో కొత్త ప్యాంటు కుట్టించుకున్నాను. రాత్రి కళ్ళు మూసుకుంటే రైలు కిటికీ కనబడేది. నాకు పోటీ నూకరాజు ఒక్కడే. అతను కూడా ప్యాంటు కుట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.

పందెం రోజున పైడయ్య మేస్త్రి ఒక తప్పు చేశాడు. అది కూడా న్యాయం కోసమే చేశాడు. ఒకరికి ఎక్కువ రాశారు, ఇంకొకరికి తక్కువ రాశారు అన్న మాట రాకూడదని, తొమ్మిదిమందికీ ఒకేసారి, అందరూ చూస్తుండగా, పెళ్ళిలో పారాణి పెట్టినట్టు వరసగా కూర్చోబెట్టి రాయించాడు. రాసింది మామ్మే. రాశాక కాలు నేల మీద పెడితే పూత పోతుంది కదా. అందుకని చెరకు మోసే ఎడ్లబండి ఒకటి తెచ్చి, ఎడ్లని విప్పేసి, తొమ్మిదిమందినీ దాని మీద కూర్చోబెట్టారు. పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళం, తెల్లటి పాదాలు బండికి అటూ ఇటూ వేలాడేసుకుని, దిగడానికి వీల్లేక కూర్చున్నాం. నంబరు రాగానే ఇద్దరు మనుషులు వచ్చి చంకలు పట్టుకుని ఎత్తి, తీసుకెళ్ళి మోటార్‌సైకిల్ మీద పెట్టేవారు. మాకు ఆడవాళ్ళే మంచినీళ్ళు పట్టారు. నూకరాజుకి వీపు దురద పెడితే అది కూడా ఎవరో గోకారు గానీ ఆ పేరు చెప్పను.

చీట్లలో నూకరాజుకి మొదటి నంబరు వచ్చింది, నాకు తొమ్మిది. అతను దిగిన వెంటనే రయ్యిమని వెళ్ళి అయిదు గండాలూ దాటేశాడు. మేస్త్రీ ఇంకో మనిషీ వెళ్ళి చూస్తే మూడో గండంలో రెండు, నాలుగో గండంలో రెండు, ముత్యాల్లాంటి అచ్చులు. మొత్తం నాలుగు. రెండో గండం నీళ్ళు కాబట్టి అక్కడ అచ్చు నిలవదు. దానికి మటుకు ఒడ్డున ఒక మనిషిని పెట్టారు. నూకరాజు అక్కడ కాలు దించలేదని ఆ మనిషి చెప్పాడు. రెండోవాడికి ఏడు, మూడోవాడికి ఆరు వచ్చాయి. ఆ తర్వాత విచిత్రం మొదలైంది. నాలుగోవాడి నుంచి అచ్చులు తగ్గిపోయాయి. అయిదోవాడికి ఒక్కటే. ఆరోవాడికి అసలు లేవు. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఏడాదంతా తను పెట్టిన తరిఫీదు ఇప్పుడు పనిచేస్తోందని పక్కవాళ్ళకి చెబుతున్నాడు. అయితే వాళ్ళంతా అయిదో గండం దగ్గర ఏటవాలు బండ ఎక్కలేక దొర్లిపడి అయిదేసి మార్కులు తెచ్చుకున్నారు. పడేవాళ్ళని చూడడం అందరికీ సరదా కాబట్టి జనమంతా అక్కడికే చేరిపోయారు. నీళ్ళ గండం కాపలా మనిషి తప్ప తక్కిన గండాల దగ్గర ఎవరూ లేరు. అచ్చులుండగా మనుషులెందుకని మేస్త్రే పొమ్మన్నాడు.

నేను మోటార్‌సైకిల్ మీద కూర్చునేసరికి ఎండ నడినెత్తి మీదకి వచ్చింది. బురద బాగా దాటాను, నీళ్ళు బాగా దాటాను. మూడో గండంలో ముందు చక్రం ఒక గుండు మీద నుంచి జారింది. ఎడమ కాలు దించాను, మళ్ళీ కుడి కాలు, మళ్ళీ ఎడమ కాలు. బండల సందులో హేండిల్ తగిలి ఇంకో రెండుసార్లు దించాను. అయిపోయింది, రైలు పోయింది అనుకున్నాను. ఆ కోపంతో అయిదో గండం బండ మీదకి ఎక్సిలేటరు తిప్పేస్తే, ఏమైందో నాకే తెలీదు, ఒక్క ఊపున పైన ఉన్నాను. జనం ఈలలు వేశారు. మేస్త్రి వెనక్కి వెళ్ళి మొదటి గండం నుంచి చివరిదాకా వంగి వంగి చూసుకుంటూ వచ్చాడు. వచ్చి నా చెయ్యి పైకెత్తి, సున్నా అన్నాడు.

ఆ క్షణంలో నేను ఏం చేశానో దాచను. నవ్వాను. దండ వేస్తే మెడ వంచాను. నా కాళ్ళు అయిదుసార్లు నేలకి ఆనాయని నాకు తెలుసు. కానీ బండ మీద లేవు కదా, బండ అబద్ధమాడుతుందా అని లోపల ఒక మాట వచ్చి కూర్చుంది. బహుశా అంతగా ఆనలేదేమో అని ఇంకో మాట. అంత తొందరగా ఒక మనిషి తనని తాను ఒప్పించుకోగలడని నాకు అప్పుడే తెలిసింది. నూకరాజు వచ్చి చెయ్యి కలిపాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి చూసి కూడా నేను చెప్పలేదు.

జనం వెనక నుంచి, ఎవరిదో చెయ్యి పట్టుకుని, మామ్మ ఎక్కి వచ్చింది. అయిదో గండం దాకా ఎక్కలేక ఆవిడ ఒక్కతే పొద్దున్నించి మూడో గండం దగ్గర కానుగ చెట్టు కింద కూర్చుంది. ఆవిడ వచ్చింది నన్ను చూడడానికి కాదు, తన సున్నం ఎలా పడుతోందో చూడడానికి. నాలుగోవాడి నుంచీ ఆవిడకి అనుమానంగానే ఉందట. నన్ను బండ మీద కూర్చోమని, నా పాదం తన ఒళ్ళోకి తీసుకుని, అరికాలి మీద గోరుతో గీరింది. పలక మీద గీసినట్టు చప్పుడైంది. పొద్దున్న రాసిన పూత ఎండకి ఎండి రాయైపోయింది. మా ఇంటి గోడలాగే. అప్పుడు తలెత్తకుండా, నాకు తప్ప ఎవరికీ వినబడనంత నెమ్మదిగా అంది.

"మూడుసార్లు దింపేవు. నాను సూసేను. ఒక్క అచ్చూ పడనేదు." నా పాదం ఒళ్ళోంచి దించింది. "ఇది నా సున్నం తప్పు. ఇప్పుడు నాను సెప్పనా, నువ్వు సెప్తావా?"

ఆవిడ మొహం చూశాను. ఊరంతా మెచ్చుకున్న తన సున్నం పనికిరాలేదని పదిమందిలో ఒప్పుకోవడానికి ఆవిడ సిద్ధంగా ఉంది. నెల రోజులుగా ఆవిడ నడిచిన నడక నాకు కనబడింది. నేను లేచి నిలబడి మేస్త్రికి చెప్పాను. పూత ఎండిపోయిందనీ, అచ్చులు పడలేదనీ, నేను మూడో గండంలో మూడుసార్లు దింపాననీ చెప్పాను. అక్కడితో ఆపితే మూడు మార్కులు. నూకరాజుకి నాలుగు. మామ్మ చూసింది కూడా ఆ మూడే, బండల సందులో ఏం జరిగిందో ఆవిడకి తెలియదు. కానీ నోరు ఒకసారి తెరుచుకున్నాక మళ్ళీ మూతపడలేదు. నాలుగో గండంలో ఇంకో రెండు అని నా గొంతే నాకు వినబడింది. మొత్తం అయిదు. ఒక్క మార్కు తేడాతో నేను ఓడిపోయాను.

పైడయ్య మేస్త్రి ఎడ్లబండి ఎక్కి, పూత ఎండినవాళ్ళందరినీ ఎవడి కాళ్ళు వాడే చెప్పమన్నాడు. నాలుగో నంబరు నుంచి ఒక్కొక్కడూ చెప్పాడు. ఒకడు నాలుగంటే, ఇంకొకడు ఆరన్నాడు. ఒకడు వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేక పక్కవాడి వేళ్ళు కూడా తీసుకున్నాడు. కిందటేడు చొక్కాలు పట్టుకున్న మనుషులే అక్కడ ఉన్నారు. ఈసారి ఒక్కరూ గొడవపడలేదు, పైగా ఎవడు ఎక్కువ చెబితే వాడికి చప్పట్లు కొట్టారు. మొదటి ముగ్గురినీ మటుకు అడగలేదు. వాళ్ళ పూత అప్పటికి పచ్చిగానే ఉంది, వాళ్ళ లెక్క బండే చెప్పేసింది. నూకరాజు గెలిచాడు.

నేను మంచివాణ్ణనిపించుకోవడానికి ఇది రాయడం లేదు. ఇంటికి వెళ్ళాక పది రోజులు మామ్మతో మాట్లాడలేదు. ఆవిడ అంబలి గిన్నె పెడితే ముట్టుకోకుండా బండి తీసుకుని పోయాను. ఆవిడ ఆ చెట్టు కింద కూర్చోకపోతే నేను రైలెక్కేవాణ్ణి. ఆవిడ మధ్యాహ్నం నేను ఏ ఊళ్ళో ఉన్నానో కనుక్కుని ఎవరి చేతో అన్నం పంపించేది. పదకొండో రోజున పొద్దుటి ఆకలికి ఆగలేక అంబలి తాగేశాను. ఆవిడ చుట్ట ముట్టించింది. అంతటితో అయిపోయింది. కానీ పూర్తిగా అయిపోలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. నూకరాజుని అతని సంచీతో సహా నా బండి మీదే అనకాపల్లి స్టేషన్ దాకా దిగబెట్టాను. అతను నా కొత్త ప్యాంటు కూడా అడిగాడు, రెండుంటే బాగుంటుందని. ఇచ్చాను. రైలు కదులుతుంటే నాకు ఏడుపొచ్చింది, పొగ పడిందని చెప్పాను. ఆ తర్వాత ఈ కథ ఎవరికి చెప్పినా, మా మామ్మ నా గెలుపుని ఎలా పోగొట్టిందో అన్నట్టే చెబుతూ వచ్చాను. నవ్వుతూనే చెప్పేవాణ్ణి. అయినా లోపల ఒక ముల్లు ఉండేది. ఆవిడ పోయిన తర్వాత కూడా అది పోలేదు.

మొన్న ఆదివారం పోటీలో ఎవరి అరికాలికీ ఏమీ రాయలేదు. ప్రతి దారికీ ముగ్గురు ఫోన్లు పట్టుకుని వీడియో తీశారు. అనుమానమొస్తే వెనక్కి తిప్పి చూశారు. ఒక అమ్మాయి కాలు ఆనిందా లేదా అని నాకూ నూకరాజుకీ పేచీ వస్తే, ఫోన్లో నెమ్మదిగా నడిపించి చూపించారు. ఆనలేదు, తప్పు నాదే. ఆ అమ్మాయి థేంక్స్ తాతగారూ అని, హెల్మెట్ సర్దుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు దాటిన తర్వాత ఇంత చక్కటి న్యాయం వచ్చిందని నాకు సంతోషమే వేసింది. బావమరుదులు లేరు, కంట్లో నలకలు లేవు. బళ్ళు కూడా ఎంత తేలికో, ఒక చేత్తో లేపొచ్చు. ఇప్పుడు ఎవరూ తమ కాళ్ళు తాము చెప్పుకోనక్కర్లేదు. అది బాగుందో లేదో నేను తేల్చలేదు. బిర్యానీ మటుకు బాగుంది.

భోజనాలయ్యాక నూకరాజు నన్ను గెడ్డ ఎగువకి నడిపించాడు. మా పాత గండాలు అక్కడే ఉన్నాయి, తాళ్ళు లేవంతే. రెండో గండం దగ్గర నీళ్ళల్లోకి చేతికర్ర పెట్టి ఒకచోట చూపించాడు. ఆ రోజు ఇక్కడ ఒకసారి దింపేనని చెప్పాడు. కాపలా ఉన్న మనిషి సరిగ్గా అప్పుడే పీత కనబడిందని పట్టుకోడానికి వంగాడట. నీళ్ళల్లో తడిసింది కాబట్టే తన అచ్చులు తర్వాత అంత తెల్లగా పడ్డాయని కూడా అన్నాడు. నేను అక్కడే నిలబడి లెక్క వేశాను. అతనికీ అయిదు, నాకూ అయిదు. నేను కాలు దించకుండా దాటినవి మూడు గండాలు, అతను దాటినవి రెండు. మేస్త్రి పెట్టిన నియమం ప్రకారం ఆ రైలు నాది.

నాకు నిజంగా కోపమొచ్చింది. అరవై అయిదేళ్ళు దాటినవాడికి రాకూడనంత వచ్చింది. ఇన్నాళ్ళూ పక్కపక్క వీధుల్లో బతికాం, ఒకరి పిల్లల పెళ్ళిళ్ళకి ఇంకొకళ్ళం వడ్డించాం. ఒక్కసారైనా చెప్పలేదేమని అడిగాను. అతను చేతికర్ర నీళ్ళల్లోంచి తీసి ఒడ్డున ఆనించాడు.

"నన్నెవుళూ అడగనేదురా," అన్నాడు. "అడిగితే సెప్పీవోడినేమో. నీకేటి, నీ గండం కాడ మీ మామ్మ కూకున్నాది. నా గండం కాడ ఎవుళున్నారు?"

రైలూ, ప్యాంటూ, పది రోజుల ఆకలీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మామ్మ మీద ఇన్నేళ్ళూ దాచుకున్న ఆ కోపానికి సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. నూకరాజు నేను కొడతాననుకున్నాడట, నవ్వేసరికి అతనూ నవ్వాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఇద్దరం రాళ్ళు దాటుకుంటూ కిందికి దిగాం. ఈ కథ ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. ఆ రోజు తొమ్మిదిమందిమి పందెంలో దిగాం. అందులో తోడున్నవాణ్ణి నేనొక్కణ్ణే.